చేతులు కడుక్కునే పాట

దుబాయ్, ఇంటర్నేషనల్ సిటీ
జనవరి 2023

రోజలిన్,

మఠంలో చేరేముందు నువ్వు "అక్కడ మా దగ్గర ఫోన్లుండవు, ఉత్తరాలే" అన్నప్పుడు మొహం దిగులుగా పెట్టాను గానీ లోపల సంతోషించాను. ఫోన్లో నేను మాట వెతుక్కునేలోపు అవతలివాళ్ళు "సరే మరి, ఉంటా" అనేస్తారు. కాగితం అలా తొందరపెట్టదు.

రెండేళ్ళుగా షహర్బాను అత్త నడిపే లేడీస్ సెలూన్లో గల్లా దగ్గర కూర్చుంటున్నాను. ఇంగ్లీషు సాహిత్యం చదివినందుకు ఆ మాత్రం దక్కింది. బిల్లుకీ బిల్లుకీ మధ్య నవల చదువుతాను. నిన్న ఒకామె కనుబొమలకి ఎంతని అడిగితే నేనున్న పేజీ నంబరు చెప్పాను. ఆమె బిత్తరపోయింది. అత్త లోపల్నుంచి వచ్చి, "ఏందిమే అజ్రా, ఆ పుస్తకంలో తలకాయ దూర్చుకోని కూచుంటే గల్లా ఎవురు చూస్తారు, మీ నాయనొస్తాడా? యల్లా, తొందరగా మూయి దాన్ని!" అంది. మూశాను. వేలు మాత్రం పేజీలోనే ఉంచాను.

నా కథ ఇంతే. చెప్పదగ్గ కథ మూడో కుర్చీ వెనక నిలబడి ఉంటుంది. ఆమె పేరు మెమునాతు. సియెర్రా లియోన్ మనిషి. పశ్చిమ ఆఫ్రికాలో, సముద్రం ఒడ్డున ఉంది ఆ దేశం. ఏడో తరగతి పరీక్షలో నేను దాన్ని పటంలో సముద్రం మధ్యలో పెట్టాను, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వే నా పేపరు చూసి రాశావు కాబట్టి.

ఫ్రీటౌన్‌లో దర్జీ కూతురు. పెళ్ళిళ్ళలో పాడేది. ఇరవై ఒకటో ఏట ఒక పాట పాడితే ఆ దేశమూ, పక్క దేశాలు రెండూ ఊగిపోయాయి. స్టేడియంలో పాడింది. బస్సుల మీద ఆమె బొమ్మలు వేశారు. పాట రాసిందీ, రాగం కట్టిందీ ఆమే. సీడీ మీద ఆ రెండు చోట్లా రికార్డు చేసినాయన పేరే ఉంది. "నీ మంచికే చేశాను, చిన్నపిల్లవి, ఈ గొడవలు నీకెందుకు" అన్నాడట. తర్వాత ఎన్ని పాటలు చేసినా జనం అదొక్కటే అడిగారు. అది పాడాలంటే ఆయన్ని అడగాలి. ఎబోలా వచ్చిన ఏడాది అక్కడ కచేరీలు ఆగిపోయి, ఇక్కడ హోటల్ బ్యాండులో పాడటానికి వచ్చింది. కరోనాతో బ్యాండు ఖలాస్. అప్పట్నుంచి మా సెలూన్లో సన్నజడలు అల్లుతోంది.

ఒక తలకి సగం రోజు పడుతుంది. పాడుతూ అల్లుతుంది. పాట ఎంత వేగమో చేతులంత వేగం. అందుకే బస్సు టైమున్నవాళ్ళు కూర్చుంటూనే "ఫాస్ట్ సాంగ్, ప్లీజ్" అంటారు. ఫాస్ట్ సాంగ్ అయితే నడుము కూడా ఊపుతుంది.

నన్ను "టీటీ" అంటుంది. వాళ్ళ భాషలో అమ్మాయీ అని. మన దగ్గర టీటీ అంటే రైల్లో టికెట్ అడిగేవాడని నేను చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

నీ
అజ్రా

*

ఫిరంగిపురం
ఫిబ్రవరి 2023

అజ్రాకి,

నీకు శాంతి కలుగుగాక. నీ ఉత్తరం అందింది. మా ఉత్తరాలు మదర్ గారు చదివి ఇస్తారని ఇదివరకే రాశాను. ఈసారి 'నడుము' అన్న మాట కింద ఎర్రసిరా గీత ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. గీత మాత్రం స్కేలు పెట్టి గీశారు. పేపరు చూసి రాసిన సంగతి కూడా ఇప్పుడు ఆవిడకు తెలుసు. అందుకు నీకు ధన్యవాదాలు.

నేను కుశలం. ఈ నెల నాకు గిన్నెల పని. మన సంగీతం సిస్టర్ ఇమ్మాకులాత గారు ఇక్కడే విశ్రాంతిలో ఉన్నారు. ఎనభై దాటాయి. మనం పక్కన నిలబడి మాట్లాడితే వినపడదు గానీ, నేను వంటింట్లో శ్రుతి తప్పితే గదిలోంచి కేకేస్తారు. నీ సంగతి చెప్పాను. "ఎవరు, మూడో వరసలో పెదాలు మాత్రం కదిపే సాయిబుల పిల్లా?" అన్నారు. ఆవిడకు అంతా తెలుసన్నమాట.

విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా తపస్సు రోజులు, మాకు ఉత్తరాలు రావు, పోవు. వచ్చినవి మదర్ గారి బీరువాలో ఉంటాయి. చెప్పాల్సింది ఉంటే ముందే రాయి.

మెమునాతు గారి పాటల గురించి రాయవచ్చు. మిగతా వివరాలు అక్కర్లేదు.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే
రోజలిన్

*

దుబాయ్
ఫిబ్రవరి 2023

రోజలిన్,

ఒక పొరపాటు జరిగింది. పేరు అజ్రా, వయసు ఇరవై నాలుగు.

కరోనా రోజుల్లో ఒక పాట అయ్యేదాకా చేతులు కడుక్కోమని చెప్పేవాళ్ళు కదా. కుళాయి ముందు నిలబడితే నాకు ఒకటే వస్తుంది: మధ్యాహ్నం అన్నానికి ముందు వరసలో నిలబడి మనం పాడిన పాట. 'చల్లని నీళ్ళు, చిట్టి చేతులు, దేవుడిచ్చిన అన్నం ముద్దలు.' సిస్టర్ ఇమ్మాకులాత గారు కట్టిందే. కరోనా పోయింది, నాకు ఆ అలవాటు పోలేదు. పైకి వినపడుతుందని నాకు తెలియదు. నా గొంతు నాకే వినపడదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మూడో కుర్చీ దాకా వినపడిందట.

మొన్న ఒకామెకు జడలు అల్లుతూ మెమునా కొత్త పాట ఎత్తుకుంది. మాటలు ఆమెవి: 'నీ మురికి నీళ్ళలో పోయింది, నా చేతులు నాకు దక్కాయి' అని, ఎవరి గురించో చెప్పక్కర్లేదు. రాగం మనది. మన పాట చెప్పుల్లేకుండా నడిస్తే ఇది పరిగెత్తుతుంది. సెలూన్లో అందరూ భుజాలు ఊపుతున్నారు. షహర్బాను అత్త కూడా. నేను నవల కింద పడేశాను.

"టీటీ, ఎలా ఉంది నీ రాగం?" అంది.

"నాది కాదు. మా నెల్లూరు స్కూల్లో సిస్టర్‌ది."

దువ్వెన ఆగిపోయింది. "బతికుందా?"

"ఉంది."

"అయితే అడుగు."

అప్పుడు నేను, నా జీవితంలో ఒక్కసారి లోకం తెలిసినదానిలా, "ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నా పాట తీసుకున్నవాడు కూడా అదే అనుకున్నాడు," అంది. మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. ఈసారి పాట లేకుండా.

విషయం ఇది. ఈద్ రెండో రోజు ఇక్కడ పశ్చిమ ఆఫ్రికా వాళ్ళ పెద్ద కచేరీ ఉంది. ఆమెను పిలిచారు. ఫ్రీటౌన్ నుంచి రికార్డింగు కంపెనీ మనిషి వస్తున్నాడు. కొత్త పాట నచ్చితే రికార్డు చేస్తాడు. కొత్తది లేకపోతే పాతదే పాడాలి, దానికి ఆ పెద్దమనిషి అనుమతి తీసుకోవాలి. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇలాంటి పిలుపు మళ్ళీ రాదని ఆమే అంటోంది. అయినా సిస్టర్ సరేనంటేనే పాడుతుందట. రికార్డు మీద రాగం కట్టినవాళ్ళ చోట సిస్టర్ పేరు ఉంటుందట. పేరు లేకుండా పాట లేదట.

సిస్టర్‌ని అడుగు. త్వరగా.

మదర్ గారికి: పాటలో చెడ్డమాట లేదు. చేతులు కడుక్కోవడమే.

అజ్రా

*

దుబాయ్
ఏప్రిల్ 2023, రంజాన్

రోజలిన్,

ఇది నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. నా ఉత్తరం విభూది బుధవారాన్ని దాటలేకపోయిందని ఇప్పటికి అర్థమైంది. బీరువాలో ఉండి ఉంటుంది. నేనూ బీరువాలో ఉంటే బాగుండేది.

రోజూ సాయంత్రం సెలూన్ వెనక గదిలో అందరం కలిసి ఇఫ్తార్ చేస్తాం. అత్త సమోసాలు, మెమునా కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఘాటుగా చేసే అల్లం షర్బత్. అజాన్ అవగానే ఖర్జూరం నోట్లో పెట్టుకుని నావైపు చూస్తుంది. "వచ్చిందా?" నేను తల అడ్డంగా ఊపుతాను. మాట్లాడక్కర్లేని జవాబు కాబట్టి నాకు సుఖంగానే ఉండేది.

నిన్న కచేరీ వాళ్ళు ఏ పాటో తేల్చి చెప్పమన్నారు. మెమునా ఆ పెద్దమనిషికి ఫోన్ చేయడానికి నంబరు వెతుక్కుంటోంది. పదిహేడేళ్ళుగా ఆయన గొంతు వినకుండా ఉందట. ఫోన్ రెండుసార్లు ఆ చేతుల్లోంచి జారింది. ఒక్కో జడా వెంట్రుక వాసి తేడా లేకుండా అల్లే చేతులు.

"వచ్చింది," అన్నాను.

అవును. రోజా ఉండి, పొద్దుట్నుంచి నీళ్ళు కూడా తాకని నోటితో.

"ఏమంది?"

అక్కడితో ఆగి ఉండొచ్చు. సిగ్గరులు అబద్ధమాడితే అంతు ఉండదు, మాకు అలవాటు లేక ఎక్కడ ఆపాలో తెలియదు. "'పాడుకో బిడ్డా, దేవుడు తోడుంటాడు' అని రాసింది. పేరు పెట్టుకోమంది," అన్నాను. మెమునా నా తల దగ్గరికి లాక్కుని ఏడ్చింది. అత్త కూడా ఏడ్చింది. సమోసాలు చల్లారిపోయాయి.

నేను అంత బాగా మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆమె మంచికే చెప్పాను, రోజలిన్. సిస్టర్ కాదనరు కదా?

అజ్రా

*

ఫిరంగిపురం
ఈస్టర్ వారం, 2023

అజ్రాకి,

క్రీస్తు లేచెను. పండగ మర్నాడు మదర్ గారు బీరువా తెరిచి నీ ఫిబ్రవరి ఉత్తరం ఇచ్చారు. 'భుజాలు' అన్నచోట గీత లేదు. భుజాలు పరవాలేదన్నమాట.

వెంటనే సిస్టర్‌ను అడిగాను. రెండుసార్లు గట్టిగా చదివి వినిపించాల్సి వచ్చింది. తోటలో పనిచేసేవాళ్ళు కూడా విన్నారు. సిస్టర్ చాలాసేపు నవ్వారు. "కుళాయి దగ్గర పిల్లలు తోసుకోకుండా ఉండాలని పెట్టాను. దానికి దుబాయ్ యోగమా! పాడుకోమను, నాకేం పోయింది."

నేను సంతోషంగా లేవబోయాను. "ఆగు. పేరేంటి, పేరు?" అన్నారు.

రికార్డు మీద మీ పేరు వేస్తారని చెప్పాను. నవ్వు పోయింది. "నాది అనేది ఏదీ ఉంచుకోనని మాటిచ్చి వచ్చాను. అరవై ఏళ్ళు నిలబెట్టుకున్న మాట. ఇప్పుడొక పాటను 'నాది' అని ఊరంతా చాటించుకోనా? పేరు వేసేట్టయితే పాడొద్దని రాయి. ఇదే మాట రాయి, మెత్తగా రాయకు."

మెత్తగా రాయలేదు. పాట పాడుకోవచ్చు, పేరు వద్దు. మెమునాతు గారికి ఇబ్బందేమీ ఉండదనుకుంటాను. పేరు వద్దంటే సులువే కదా?

రోజలిన్

*

దుబాయ్
మే 2023

రోజలిన్,

సులువే. చెప్తాను విను.

కచేరీ అయ్యాక నీ ఉత్తరం వచ్చింది. గ్రౌండు నిండా జనం. మెమునా బంగారురంగు గౌనులో వేదిక ఎక్కింది. నేను జనరేటర్ పక్కన నిలబడ్డాను, ఎవరూ నాతో మాట్లాడలేనంత చప్పుడు ఉండే చోటు అదొక్కటే. ఆమె ఎత్తుకుంది. రెండో చరణానికి పిల్లలూ ముసలివాళ్ళూ చేతులు కడుక్కుంటున్నట్టు రుద్దుకుంటూ ఆడుతున్నారు. సెక్యూరిటీ వాళ్ళు కూడా రుద్దుకుంటున్నారు.

పాటయ్యాక మైకులో, "ఈ రాగం నాది కాదు! నెల్లూరు సిస్టర్ ఇమ్మాకులాతది! ఆమె నాకు ఇచ్చింది!" అని అరిచింది. జనం తిరిగి అరిచారు. "సిస్టా! సిస్టా! ఇమ్మాకులాతా!" ఆగకుండా. ఏ ఒక్క పేరు వద్దన్నారో ఆ ఒక్కటీ. ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి.

ఆమె వేదిక దిగకముందే రికార్డింగు మనిషి చేయి కలిపాడు.

వారం తర్వాత నీ ఉత్తరం. రెండు రోజులు నవలలో దాచాను. మూడో రోజు చెప్పేశాను. ముందు రోజే సాధన చేసుకున్న వాక్యాలన్నీ పోయి, "రాలేదు, అబద్ధం, ఇప్పుడొచ్చింది, వద్దంది," అన్నాను.

మెమునా తిట్టలేదు. "కూర్చో," అని మూడో కుర్చీ చూపించింది. పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం అసర్ నమాజు దాకా నా తల నిండా సన్నజడలు అల్లింది. పాడకుండా. ఎంత బిగించిందంటే, నా కనుబొమలు సగం నుదుటికి లేచాయి. అందరూ నన్ను చూసి నేనేదో ఆశ్చర్యపోతున్నాననుకుంటున్నారు. అత్త తొంగిచూసి, "ఏం జేసినావుమే దాన్ని?" అంది. నన్నే అడిగింది, ఆమెను కాదు.

చివరి జడకు ముడి వేసి, "నా పాట తీసుకున్నవాడు కూడా నా మంచికే అన్నాడు," అంది.

అంతే. తర్వాత నాతో మాట్లాడలేదు. టీటీ అని పిలవడం లేదు. ఆ పేరుకి మన దగ్గర అర్థం వేరని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నదాన్ని, ఇప్పుడు అది వినపడక దిగులుగా ఉంది.

రికార్డు ఆపేసింది. పేరు వేయొద్దని సిస్టర్ అంటే, వేయకుండా తాను పాడదట. "పేరు లేకుండా పాడితే నేనూ వాడూ ఒకటే." కంపెనీ మనిషి జూన్ ఆఖరు దాకా ఆగుతానన్నాడు. మాటమీద నిలబడే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, మాటమీద నిలబడని నేనున్నాను. ఏం చేయాలో తెలియక మీ మఠం ఆఫీసు ఫోన్ నంబరు ఆమె అద్దానికి అంటించాను. ఆదివారం సాయంత్రం ఫోన్ ఎత్తుతారని కింద రాశాను.

అజ్రా

*

ఫిరంగిపురం
జూన్ 2023

అజ్రా,

ఈ ఉత్తరం మదర్ గారి అనుమతితో పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నువ్వు తెలుసుకోవాల్సింది: నీ ఏప్రిల్ ఉత్తరం కంటే కచేరీ వీడియో ముందు వచ్చింది. మదర్ గారి ఫోనుకు వాళ్ళ మేనకోడలు పంపింది. ఆవిడే సిస్టర్ గదికి తెచ్చి చూపించారు. సిస్టర్‌కు వినపడలేదు గానీ పెదాలు చూసి తన పేరు పట్టేశారు. ఆ రోజు అన్నం ముట్టలేదు. నీ మీద కోపం కాదు, మాట పోయిందని.

ఆదివారం ఫోన్ వచ్చింది. రిసీవర్ సిస్టర్ చెవికి పెట్టి, వినపడనివి నేను గట్టిగా చెప్పాను. ఇద్దరి ఇంగ్లీషూ వేరు. ఇద్దరూ అరిచారు.

మెమునాతు గారు: "మీ పేరు వేయకపోతే నేను దొంగని!"

సిస్టర్: "వేస్తే నేను దొంగని! నాదేమీ లేదని దేవుడికి చెప్పి వచ్చాను!"

అప్పుడు సిస్టర్, "పాడు," అన్నారు.

ఆవిడ పాడింది. సిస్టర్ రిసీవర్‌ను చెవికి నొక్కి పట్టుకుని, బల్లమీద వేలితో తాళం వేశారు. మధ్యలో ఆపి, "ముద్దలు అన్నచోట ఊపిరి తీసుకోకూడదు, మళ్ళీ," అన్నారు. ఆవిడ పాటలో ముద్దలు లేవని చెప్పబోయాను, మదర్ గారు నన్ను ఊరుకోమన్నారు. స్టేడియంలో పాడిన మనిషి బుద్ధిగా మళ్ళీ పాడింది.

అయ్యాక సిస్టర్ నావైపు తిరిగారు. వేగంగా ఉందని కోప్పడతారనుకున్నాను. "ఇదే దాని నడక," అన్నారు. నెల్లూరి యాస వచ్చేసింది, నేనెప్పుడూ వినలేదు. "పదిహేనేళ్ళప్పుడు మా ఇంట్లో బాయి కాడ గిలక లాగతా కట్టినా దీన్ని. బిరబిరా లాగేదాన్ని. మఠానికి వచ్చినాక ప్రార్థనకు సరిపోవాలని నేనే నిదానం జేసినా. ఈ బిడ్డకు ఎవురు జెప్పినారు అసలు నడక?"

మదర్ గారు అడిగారు: "అప్పటికి మీరు ప్రమాణం చేయలేదు కదా, సిస్టర్?"

"లేదు. అప్పటికి నేను సిస్టర్‌నే కాదు. మాణిక్యాన్ని."

అంటూనే ఆగిపోయారు. తర్వాత రిసీవర్ నోటికి దగ్గరగా పెట్టుకుని నిదానంగా ఇంగ్లీషులో చెప్పారు: "పాట కట్టింది మాణిక్యం అనే పిల్ల. నెల్లూరు. ఆ పిల్ల మఠంలో చేరలేదు. దాని మీద ఏ మాటా లేదు. దాని పేరు వేసుకో."

మదర్ గారు మా నియమావళి తెచ్చి ఆ రాత్రంతా చూశారట. మర్నాడు, "అడ్డేమీ కనపడలేదు," అన్నారు.

ఇంకొకటి. సిస్టర్ చివర్లో, "అబద్ధం చెప్పిన పిల్లతో మాట్లాడు," అని కూడా చెప్పారు. "నేను దాన్ని ఆరేళ్ళు పెదాలు మాత్రం కదపనిచ్చాను. నోరు తెరిస్తే ఏం చేయాలో దానికి తెలియదు."

మాట్లాడిందా?

రోజలిన్

*

దుబాయ్
సెప్టెంబరు 2023

రోజలిన్,

మాట్లాడింది. "టీటీ, అద్దం తుడువు," అంది. అంతకంటే మంచి వాక్యం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రికార్డు వచ్చింది. 'పాట: మెమునాతు. రాగం: మాణిక్యం, నెల్లూరు.' మెమునా ఆ రెండు పేర్లనూ వేలితో తడిమి చూసుకుంది. తన పేరు ఉండాల్సిన చోట ఉండటం ఆమె కూడా ఇప్పుడే చూస్తోంది. ఫ్రీటౌన్‌లో పెళ్ళిళ్ళలో ఇదే పాటట. డిసెంబరులో అక్కడ కచేరీ, స్టేడియంలో. అప్పటిదాకా మాత్రం రోజూ వచ్చి జడలు అల్లుతూనే ఉంది. త్వరగా వెళ్ళాలనుకునేవాళ్ళు ఇప్పుడు "మాణిక్యం, ప్లీజ్" అని అడుగుతున్నారు.

పోయిన వారం అక్కడి రేడియో వాళ్ళు ఫోన్లో ఆమెతో మాట్లాడారు. ఈ మాణిక్యం ఎవరని అడిగారు. "పదిహేనేళ్ళ అమ్మాయి. బావి దగ్గర పాడుతుంది," అంది మెమునా. అది నిజమే కాబట్టి నేను కంగారుపడకుండా గల్లా దగ్గరే కూర్చున్నాను. తర్వాత వాళ్ళు, ఆ అమ్మాయి దగ్గర ఇంకో పాట ఉందా అని అడిగారు.

మెమునా ఫోన్ మీద చేయి పెట్టి నావైపు చూసింది. "ఉందా?"

సెలూన్ అంతా నావైపు తిరిగింది. షహర్బాను అత్త, జుట్టుకు రంగు వేయించుకుంటున్న ఇద్దరు, తల కడిగించుకుంటున్న ఒకామె. ఇంతమంది నా నోటివైపు చూస్తే ఏదో ఒకటి చెప్పేయాలనిపిస్తుంది, ఎంత మంచిదైతే అంత మంచిది. 'ఉంది, ముప్పై ఉన్నాయి' దాకా వచ్చింది నాలుక మీదికి.

"తెలియదు. అడిగి చెప్తాను," అన్నాను.

"అంత చిన్న మాటకు అంతసేపా, తల్లే!" అంది అత్త.

కాబట్టి సిస్టర్‌ని అడుగు. సరే అంటే సరే అని, వద్దంటే వద్దని, ఏ మాట అంటే ఆ మాటే రాయి. మెమునా రోజూ గల్లా ముందు నిలబడి "వచ్చిందా?" అంటోంది. ఇంకా రాయని ఉత్తరానికి జవాబు ఎలా వస్తుందని నేను అనడం లేదు. రాలేదంటున్నాను.

ఇవాళ కూడా రాలేదనే చెప్పాను.

అజ్రా